పువ్వుకీ పందికీ తేడా తెలియాలంటే: హవాయి మాటలు తెలుగు అక్షరాలతో నేర్చుకోండి

పసిఫిక్ మహాసముద్రంలోని అమెరికా రాష్ట్రం హవాయి. అక్కడి భాషలో పువ్వును ‘పుఅ’ అంటారు. పందిని ‘పుఅʻఅ’ అంటారు (ఆ ʻ గుర్తు దగ్గర గొంతు ఒక్క క్షణం నొక్కాలి). చెవి వెనక పెట్టుకున్న పువ్వు బాగుందని ఎవరినైనా మెచ్చుకోబోయి, గొంతును ఒకసారి ఎక్కువ నొక్కారనుకోండి, ఆ తర్వాత ఏమవుతుందో మీరే ఊహించుకోండి.

ఈ భాషకు దొరికే పాఠాలు దాదాపు అన్నీ ఇంగ్లీషులోనే ఉంటాయి. ‘ఫాదర్‌లో ఆ ఎలా పలుకుతామో అలా’, ‘బెట్‌లో ఎ ఎలా పలుకుతామో అలా’ అంటూ నానా తంటాలు పడతాయి. ఇంగ్లీషు వాళ్లకు ఆ తిప్పలు తప్పవు. మనకెందుకు? పలక మీద అ ఆ, ఇ ఈ, ఉ ఊ, ఎ ఏ, ఒ ఓ దిద్దిన ప్రతివాళ్లకూ హవాయి అచ్చులన్నీ అప్పుడే వచ్చేశాయి. హిందీ లిపికి కూడా లేని సుఖం ఇది. ఎ-ఏ, ఒ-ఓ తేడాను ఆ లిపి మామూలుగా చూపించలేదు, మనది చూపిస్తుంది. కాబట్టి నా సలహా ఒక్కటే. ఒక నోటుబుక్కు తీసుకుని, మాటలన్నీ తెలుగు అక్షరాల్లోనే రాసుకుంటూ నేర్చుకోండి. ఇంగ్లీషు మీదుగా చుట్టు తిరిగి వెళ్లకండి.

అయితే ఈ పోలికలు చూసి రెండు భాషలకూ చుట్టరికం కలిపేయకండి. హవాయి భాషకు చుట్టాలు తహితి, మావొరి, సమోవా భాషలు. ‘పుఅ’ మన పూవులాగా వినిపించడం ఉత్త కాకతాళీయం. గుర్తుపెట్టుకోవడానికి మాత్రం వాడుకోండి, తప్పులేదు.

1. ముందు అక్షరాలు (పది నిమిషాల పని)

అచ్చులు ఐదు: అ, ఎ, ఇ, ఒ, ఉ. ఒక్కోదానికీ దీర్ఘం ఉంది. వాళ్ల రాతలో దీర్ఘానికి అక్షరం మీద అడ్డగీత గీస్తారు, దాని పేరు కహకో. హల్లులు ఏడే: హ, క, ల, మ, న, ప, వ. వీటికి తోడు గొంతు నొక్కే ʻఒకిన ఒకటి. మొత్తం 13 అక్షరాలు, అంతే. గ లేదు, చ లేదు, ర లేదు, స లేదు, వత్తులు లేవు, ద్విత్వాలు లేవు, సంయుక్తాక్షరాలు లేవు. మన 56 అక్షరాల బరువు మోసినవాళ్లకు ఇదొక లెక్కా!

హల్లుల్లోనూ మనదే పైచేయి. క, ప పలికేటప్పుడు ఇంగ్లీషు వాళ్లు గాలి వదులుతారు. మీరు కప్ప, పలక అన్నట్టు అనండి, చాలు. ఇక ‘వ’ విషయంలో ఇంగ్లీషు పాఠాలు పేజీలు పేజీలు రాస్తాయి. ఇ, ఎ తర్వాత ఒకలా, ఉ, ఒ తర్వాత ఇంకోలా, మాట మొదట్లో ఎలాగైనా అంటూ. మన ‘వ’ పై పళ్లు కింది పెదవికి గట్టిగా ఆనకుండా, పెదవులు గుండ్రంగా చుట్టకుండా మధ్యరకంగా పలుకుతుంది. దాన్నే వాడేయండి, ఎక్కడా ఎబ్బెట్టుగా ఉండదు.

ప్రతి మాటా అచ్చుతోనే ముగుస్తుంది. అజంత భాష మాట్లాడేవాళ్లకు ఇది వేరే చెప్పాలా?

దీర్ఘాన్ని మాత్రం తేలిగ్గా తీసుకోకండి. మనకు కల వేరు, కాల వేరు అయినట్టే వాళ్లకు ‘కల’ అంటే క్షమించడం, ‘కాలా’ అంటే డబ్బు. డాలర్ అన్న మాటే అలా మారింది. ‘మల’ అంటే ఒళ్లు నొప్పి, ‘మాల’ అంటే తోట. కొన్ని మాటల్లో దీర్ఘమే బహువచనం కూడా. ఒక స్త్రీ అయితే వహినె, పలువురైతే వాహినె. పెద్దాయనో పెద్దావిడో ఒక్కరైతే కుపున, పెద్దలందరూ అయితే కూపున.

2. ʻఒకిన: ఇక్కడ కాస్త ఆగండి

ʻఒకిన అంటే గొంతులో గాలిని టక్కున ఆపి వదలడం. ఈ వ్యాసంలో దాన్ని ʻ గుర్తుతో చూపిస్తున్నాను. రాతలో తిరగేసిన కామాలా ఉంటుంది. అలంకారం కాదు, క, ప లాగే అదీ ఒక హల్లు.

ఎలా పలకాలి? పాకుతున్న పిల్లాడు వేడి గిన్నె మీద చెయ్యి వేయబోతుంటే మనం ‘అ! అ!’ అని ఆపుతాం చూడండి. ఆ రెండు ‘అ’ల మధ్య గొంతు ఒక్క క్షణం మూసుకుంటుంది. అదే ʻఒకిన. నాలుగైదుసార్లు అలా అని, ఆ మూతను పట్టుకోండి. తర్వాత ఈ జంటలు పైకి చదవండి:

కొఉ (నీ) – కొʻఉ (నా)
మై (ఇటు) – మʻఇ (జబ్బు)
లానై (వరండా) – లానʻఇ (ఒక దీవి పేరు)
పౌ (అయిపోయింది) – పʻఉ (మసి) – పాʻఊ (గుర్రం ఎక్కే స్త్రీలు చుట్టుకునే పొడవాటి పావడా)

మొదటి జంట మీద ఎక్కువసేపు కూర్చోండి. ‘కొఉ ఇనొఅ’ నీ పేరు, ‘కొʻఉ ఇనొఅ’ నా పేరు. ఇక్కడ తడబడితే మీ పేరు చెప్పబోయి ఎదుటివాళ్ల పేరు మార్చేస్తారు.

3. మన అలవాట్లు మూడు మానాలి

ఇంతవరకు మనకున్న సౌకర్యాలే చెప్పాను. ఇప్పుడు చిక్కులు.

మనకు రెండు అచ్చులు పక్కపక్కన ఉంటే నోరు ఊరుకోదు. మధ్యలో ‘య’నో ‘వ’నో దూర్చేస్తుంది. చిన్నప్పటి నుంచీ చదువుకున్న యడాగమం మహిమ. అందుకే మనం ‘హవాయి’ అంటాం, హవాయి చెప్పులు అంటాం. (ఈ వ్యాసంలో నేనూ అలాగే రాస్తున్నాను. తెలుగులో స్థిరపడిన మాటను ఇప్పుడు మార్చలేం.) అసలు ఉచ్చారణ హ-వై-ʻఇ. ‘వై’ దగ్గర ఊనిక, తర్వాత గొంతు నొక్కి ‘ఇ’. అలాగే కౌఅʻఇ దీవిని ‘కవాయి’ అనకండి, ఒʻఅహు దీవిని ‘ఓవహు’ అనకండి.

రెండోది, మాట మొదట్లో ఎ, ఒ వస్తే చాలామందిమి యె, వొ అంటాం. ‘ఎక్కడ’ కాస్తా ‘యెక్కడ’ అవుతుంది. హవాయి మాటల్లో ఇది కుదరదు. రుచిగా ఉందనడానికి ʻఒనొ అంటారు. ‘వొనొ’ అంటే ఎవరికీ అర్థం కాదు.

మూడోది చిన్నదే కానీ మొండిది. తెలుగులో మాట చివర హ్రస్వ ‘ఒ’ దాదాపు రాదు. హలో, రేడియో అని సాగదీస్తాం. అందుకే మహలొ (ధన్యవాదాలు) మన నోట్లో ‘మహల్లో’ ఉన్నట్టు ‘మహలో’ అయిపోతుంది. చివరి ఒకారాన్ని పొట్టిగా తుంచేయండి.

ఊనిక సంగతి ఒక్క మాట. మామూలుగా చివరి నుంచి రెండో అచ్చు మీద ఊనాలి, దీర్ఘం ఉంటే దాని మీద కూడా. అ-లొ-హ లో ‘లొ’ మీద, వ-హి-నె లో ‘హి’ మీద.

4. పలకరింపులు

అలొహ అందరికీ తెలిసిందే. పొద్దున అలొహ కకహిఅక, మిట్టమధ్యాహ్నం అలొహ అవకెఅ, మధ్యాహ్నం పొద్దువాలాక అలొహ ʻఔఇనలా, సాయంత్రం అలొహ అహిఅహి. అన్నీ ఒకేరోజు బట్టీ పట్టక్కర్లేదు. పొద్దుటిది, సాయంత్రానిది వస్తే పని నడుస్తుంది.

ఒక చిన్న సంభాషణ తయారుచేసుకుని ఇంట్లో ఎవరితోనైనా ఆడండి:

పెహెఅ ʻఒఎ? (ఎలా ఉన్నావు?)
మైకʻఇ. (బాగున్నాను.)
ʻఒ వై కొఉ ఇనొఅ? (నీ పేరేంటి?)
ʻఒ సీత కొʻఉ ఇనొఅ. (నా పేరు సీత.)
నొ హెఅ మై ʻఒఎ? (ఎక్కడి నుంచి వచ్చావు?)
నొ గుంటూరు మై ఔ. (గుంటూరు నుంచి.)
అ హుఇ హొఉ! (మళ్లీ కలుద్దాం!)

ఇంకొన్ని: ʻఅఎ (అవును), ʻఅʻఒలె (కాదు), ఎ ʻఒలుʻఒలు (దయచేసి), మహలొ నుఇ లొఅ (చాలా చాలా ధన్యవాదాలు), ఎ కల మై (క్షమించండి), ఎ కొమొ మై (లోపలికి రండి). ఎవరైనా మహలొ అంటే ʻఅʻఒలె పిలికిఅ అనండి. ‘ఇందులో ఇబ్బందేముంది’ అన్నట్టు.

మనవాళ్లు బోల్తాపడే చోటు ఇక్కడ ఒకటుంది. పెద్దవాళ్లను ʻఒఎ అంటే ‘నువ్వు’ అన్నట్టుంది కదా, మర్యాద కాదేమోనని మనకు మొహమాటం. వెంటనే బహువచనం వెతుకుతాం. ʻఒఉకొఉ కనిపిస్తుంది. అదే మన ‘మీరు’ అనుకుని ఒక్క పెద్దావిడను పట్టుకుని ʻఒఉకొఉ అన్నారంటే, ఆవిడ తన వెనక ఇంకెవరున్నారా అని తిరిగి చూస్తుంది. ఎందుకంటే దానర్థం ‘మీరు ముగ్గురూ లేదా అంతకన్నా ఎక్కువమంది’. ఈ భాషలో సర్వనామంతో మర్యాద ఇవ్వరు. చిన్నపిల్లకూ ʻఒఎ, ముత్తవ్వకూ ʻఒఎ.

మరి మర్యాద ఎలా? వరసతో. పెద్దావిడ అయితే ʻఅనకే, పెద్దాయన అయితే ʻఅనకల. ఇంగ్లీషులో మాట్లాడేటప్పుడు కూడా అక్కడ చుట్టరికం లేని పెద్దవాళ్లను ఆంటీ, అంకుల్ అనే పిలుస్తారు. ఈ విషయంలో మీకు నేర్పాల్సింది ఏమీ లేదు.

5. మనం, మేము

నాకు ఈ భాషలో అన్నిటికన్నా ముచ్చటేసిన విషయం ఇదే. ఇంగ్లీషులో ‘వి’ ఒక్కటే. ఎదుటివాళ్లను కలుపుకున్నామా, పక్కనపెట్టామా తెలీదు. మనకు మనం వేరు, మేము వేరు. హవాయి భాషలోనూ అంతే. దాని మీద ఇంకో మెట్టు, ఇద్దరికి ఒక మాట, ముగ్గురూ ఆపైన ఉంటే ఇంకో మాట.

మనిద్దరం – కాఉఅ
మనందరం – కాకొఉ
మేమిద్దరం – మాఉఅ
మేమందరం – మాకొఉ

మన ‘మా ఊరు’, ‘మా ఇల్లు’లో ఉన్న ‘మా’తో మొదలైనవి ‘మేము’ అని గుర్తుపెట్టుకోండి. ఇదీ యాదృచ్ఛికమే, కానీ ఇంతకన్నా మంచి కొండగుర్తు దొరకదు. ఇంగ్లీషు మాతృభాషగా ఉన్నవాళ్లు వారాలు కుస్తీ పడే పాఠం మీకు పది నిమిషాల్లో అయిపోతుంది. సభలో నిలబడి అందరినీ కలుపుకుని పలకరించాలంటే అలొహ కాకొఉ. ఒక్కరితోనే అయితే అలొహ కాఉఅ.

6. ఇల్లు, తిండి

కెఇకి అంటే బిడ్డ, మకుఅహినె అమ్మ, మకుఅకానె నాన్న, తూతూ అవ్వ లేదా తాత. ‘త’ అక్షరమే లేదన్నారుగా అంటారా? పాతరోజుల్లో త, క ఒకదాని బదులు ఒకటి పలికేవారు. 1820లలో క్రైస్తవ మిషనరీలు ఆ భాషకు అచ్చు అక్షరాలు కూర్చేటప్పుడు 1826లో ‘త’ను వదిలి ‘క’ను ఉంచారు, అలాగే ‘ర’ను వదిలి ‘ల’ను ఉంచారు. నిʻఇహఉ అనే చిన్న దీవిలో మాత్రం ఇప్పటికీ ‘త’ పలుకుతుంది. తూతూ లాంటి ఇంటిమాటల్లోనూ మిగిలిపోయింది.

కుటుంబాన్ని ʻఒహన అంటారు. చేమదుంప చుట్టూ పుట్టే పిలకలను ʻఒహా అంటారు, ఆ మాట నుంచే ʻఒహన వచ్చిందని చెబుతారు. చేమ అంటే మనకు పులుసో వేపుడో. వాళ్లకు అన్నం స్థానంలో ఉన్న పంట, పేరు కలొ. ఉడికించిన దుంపను దంచి, నీళ్లు కలిపి చేసే ముద్ద పొఇ. లేత చేమాకు లూʻఔ. విందును లూʻఔ అనడం ఆ ఆకుతో చేసే వంటకం వల్లే. సరిగ్గా ఉడక్కపోతే గొంతు దురద పెట్టడం అక్కడా ఇక్కడా ఒకటే.

7. రోడ్డు మీద పనికొచ్చేవి

మరుగుదొడ్డి తలుపు మీద కానె అంటే మగవాళ్లకు, వహినె అంటే ఆడవాళ్లకు. ఇది ముందు నేర్చుకోండి, మిగతావి తర్వాత. గేటు మీద కపు అని ఉంటే లోపలికి వెళ్లకూడదని. ʻఓపల అంటే చెత్త.

దారి అడిగితే తూర్పు, పడమర చెప్పరు. ‘మఉక వైపు’, ‘మకై వైపు’ అంటారు. మఉక అంటే కొండ దిక్కు, మకై అంటే సముద్రం దిక్కు. మన పల్లెల్లో ఎగువకు, దిగువకు అన్నట్టే.

వికివికి అంటే త్వరగా. గబగబా, చకచకా అన్నట్టు జంటగా వస్తుంది. హొనొలులు విమానాశ్రయంలో ఆ పేరుతో బస్సులు తిరిగేవి. వాటిని చూసిన అమెరికా ప్రోగ్రామర్ వార్డ్ కన్నింగ్‌హామ్ 1995లో తన వెబ్‌సైటుకు ఆ మాట పెట్టుకున్నాడు. వికీపీడియాలో ‘వికీ’ అక్కడి నుంచి వచ్చిందే. పౌ హన అంటే పని అయిపోయాక దొరికే సమయం. ఆఫీసులవాళ్లు బాగా ఇష్టపడే మాట.

ఒక హైవే పేరు ఇంగ్లీషు అక్షరాల్లో చూస్తే ‘లైక్‌లైక్’ అని చదవాలనిపిస్తుంది. అది లికెలికె, ఒక రాకుమారి పేరు. తెలుగులో రాసుకున్నవాళ్లకు ఆ పొరపాటు జరగదు.

8. పొడవాటి పేర్లు చూసి టెన్షన్ పడకండి

పెద్దబాలశిక్షలో పొడవు మాటలు విడగొట్టి చదివినట్టే చదవండి. హలెఅకలా అనే అగ్నిపర్వతం పేరు: హలె (ఇల్లు) + అ (యొక్క) + క లా (సూర్యుడు). సూర్యుడి ఇల్లు. కెఅలకెకుఅ: కె అల (దారి) + కె కుఅ, అంటే దేవుడి దారి. మఉన కెఅ: మఉన (కొండ) + కెఅ (తెలుపు). మనకు తెల్లకొండ, వాళ్లకు ‘కొండ తెల్ల’. వర్ణించే మాట ఎప్పుడూ వెనకే వస్తుంది. 4,207 మీటర్ల ఎత్తు, చలికాలంలో పైన మంచు పడుతుంది కాబట్టి ఆ పేరు అతికినట్టుంటుంది. హొనొ (రేవు) + లులు (గాలి తగలని) అయితే హొనొలులు.

ఇవి వచ్చాక హవాయి రాష్ట్రపు అధికారిక చేప పేరు పట్టండి: హుముహుము-నుకునుకు-ఆ-పుఅʻఅ. పందిలాంటి మూతి ఉన్న హుముహుము చేప అని. చివర్లో మన పాత పంది మళ్లీ వచ్చింది చూశారా!

9. అరువు మాటలు

ఇంగ్లీషు మాట దొరికితే మనం దానికి చివర ఒక అచ్చు తగిలిస్తాం: బస్సు, రోడ్డు, కారు. హవాయి వాళ్లు ఇంకాస్త ముందుకు వెళ్తారు. ప్రతి హల్లుకూ ఒక అచ్చు తగిలించి, లేని అక్షరాలను ఉన్నవాటితో మార్చేస్తారు. ర స్థానంలో ల, స స్థానంలో క. అలా మెర్రీ క్రిస్మస్ కాస్తా మెలె కలికిమక అయింది. బుక్ పుకె అయింది. ఈ లెక్కన మన రాము లాము, సీత కీక అవుతారు. ఇప్పుడు ఎవరూ ఎవరి పేర్లూ అలా మార్చరు లెండి, కానీ ఇంట్లో అందరి పేర్లూ మార్చి చూస్తే భాష నాడి తొందరగా దొరుకుతుంది.

10. రోజూ ఎలా సాధన చేయాలి

ముందు ఒక సంగతి తెలిసి ఉండాలి. ఇది సరదా కోసం పుట్టిన టూరిస్టు భాష కాదు. 1834 నుంచీ ఈ భాషలో వార్తాపత్రికలు నడిచాయి. 1893లో హవాయి రాచరికాన్ని కూలదోశాక, 1896లో బడుల్లో చదువంతా ఇంగ్లీషులోనే అని చట్టం చేశారు. బడిలో సొంత భాష మాట్లాడిన పిల్లలు దెబ్బలు తిన్నారు. రెండు మూడు తరాల్లో ఇళ్లలోంచే భాష తప్పుకుంది. 1978లో రాష్ట్ర రాజ్యాంగ సవరణతో మళ్లీ అధికార భాష అయింది. 1984లో కౌఅʻఇ దీవిలో ‘పూనన లెఒ’ పేరుతో మొదటి బాలబడి మొదలైంది, పూర్తిగా హవాయి భాషలో. పూనన అంటే గూడు, లెఒ అంటే గొంతు. అందుకే ʻఒకినలూ దీర్ఘాలూ వదిలేసి ఎలాగోలా రాయడం అక్కడివాళ్లకు నచ్చదు. ఆ దీవుల్లో ఉండే ప్రతివాళ్లనూ ‘హవాయియన్’ అని కూడా అనకండి. ఆ మాట అక్కడి మూలవాసులకు చెందింది. చాలాకాలంగా అక్కడే ఉంటున్నవాళ్లను కమʻఆఇన అంటారు, కొత్తగా వచ్చినవాళ్లను మలిహిని అంటారు. వెళ్లిన రోజున మీరు మలిహిని.

సాధనకు రోజుకు పావుగంట చాలు. డుయోలింగో అనే భాషల యాప్‌లో 2018 నుంచి హవాయి పాఠాలు ఉన్నాయి, ఉచితం. అర్థాలకు ‘వెహెవెహె’ అనే ఆన్‌లైన్ నిఘంటువు చూడండి, వెహెవెహె అంటే విడమర్చి చెప్పడం. అందులో వెతికిన ప్రతి మాటనూ మీ నోటుబుక్కులో తెలుగులో రాసి, దీర్ఘమూ ʻఒకినా సరిపోయాయో లేదో పోల్చుకోండి. అంకెలు మెట్లు ఎక్కుతూ లెక్కపెట్టండి: ʻఎకహి, ʻఎలుఅ, ʻఎకొలు, ʻఎహా, ʻఎలిమ, ʻఎఒనొ, ʻఎహికు, ʻఎవలు, ʻఎఇవ, ʻఉమి. ‘లిమ’ అంటే చెయ్యి కూడా, అందుకని ఐదు మర్చిపోరు.

వారం అయ్యాక ఫోన్లో మీ గొంతు రికార్డు చేయండి. పుఅ, పుఅʻఅ, కొఉ, కొʻఉ, లానై, లానʻఇ అని కలగాపులగంగా ఓ ఇరవైసార్లు చదివి, రాసిపెట్టుకోకుండా పడుకోండి. మర్నాడు పొద్దున విని, ఏది పువ్వో ఏది పందో, ఏది నీదో ఏది నాదో కాగితం మీద రాయండి. ఎక్కడ మీకే అనుమానం వచ్చిందో ఆ జంటను పట్టుకుని మళ్లీ పైన రెండో భాగానికి (ʻఒకిన) వెళ్లండి.